కాడి దించే వేళ



విత్తనాన్ని గురించీ, ఎరువును గురించీ, పురుగుమందును గురించీ మనం తరచు మాట్లాడుకుంటూ వుంటాం. ఎకరానికి ఎన్ని కిలోల విత్తనం పోయాలో, ఏ పైరుకు ఎన్ని తడులు పెట్టాలో లెక్క వేసుకుంటాం. కాని సేద్యానికంతకూ మూలమైన పనిముట్టు ఒకటి వుంది. దానికి నీళ్ళు పెట్టవలసిన వేళ, దాన్ని నీడకు చేర్చవలసిన వేళ, రాత్రిపూట దాన్ని విడిచిపెట్టవలసిన వేళ, ఈ లెక్క మాత్రం మనం వేసుకోం. ఆ పనిముట్టు రైతు ఒళ్ళు. ఈ రోజు దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

వెనక మన ఊళ్ళలో ఇంటింటా గడియారాలు లేవు. అయినా కాడి దించే వేళ అంటే ఎవరికీ విడమరిచి చెప్పవలసిన పని లేకపోయేది. తొలికోడి కూయగానే అరక కట్టేవారు. పొద్దు నడినెత్తికి రాకముందే ఎద్దు అడుగు మందగించేది, నోట నురగ కనబడేది. రైతు మేడి వదిలి, కాడి దించి, ఎడ్లను చెట్టు నీడకు తోలి, నీళ్ళు పెట్టి, ఇంత చొప్ప వేసేవాడు. ఎద్దు నెమరు వేస్తూ పడుకుంటే, ఆయనా ఆ చెట్టు కిందనే ముంతలోని అంబలి తాగి, తలగుడ్డ పరుచుకుని ఒక కునుకు తీసేవాడు. పొద్దు వాలిన తరవాతనే మళ్ళీ కాడి ఎత్తేది. ఎద్దును చూసుకోవడంలో ఆయన తన ఒంటిని కూడా, తెలియకుండానే, చూసుకున్నాడన్న మాట.

రోజుకొక వేళ వున్నట్టే, ఏడాదికి కొన్ని రోజులు కూడా వుండేవి. కొన్ని ఊళ్ళలో సోమవారం, కొన్ని ఊళ్ళలో అమావాస్య అరక కట్టేవారు కారు. ఆదిలాబాదు వైపు శ్రావణమాసంలో పొలాల అమావాస్య వస్తే ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, ఊరేగించి, ఆ రోజు వాటిచేత ఏ పనీ చేయించరు. సంక్రాంతి మర్నాడు కనుమ పశువుల పండగ. కనుమనాడు కాకి కూడా కదలదని సామెతే వుంది గదా!

పశువు అలుపును ఒక్క ఆచారమే కాదు, చట్టం కూడా గుర్తించింది. బండి లాగే పశువులను గురించీ, బరువు మోసే పశువులను గురించీ 1965లో మన దేశంలో నిబంధనలు చేశారు. పశువుచేత రోజు మొత్తంమీద 9 గంటలకు మించి పని చేయించరాదు. మధ్యలో విరామం లేకుండా ఏకబిగిన 5 గంటలకు మించి చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల నుంచి 3 గంటల దాకా అసలు కట్టరాదు. ఇవీ ఆ నిబంధనలు.

మిల్లు కార్మికుడి సంగతి చూడండి. బొంబాయి మిల్లులలో వారానికొక రోజు సెలవు కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వాన కార్మికులు ఏళ్ళ తరబడి అడిగితే, 1890లో ఆదివారం సెలవు వచ్చింది. తరవాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, వారానికి 48 గంటల పని, 5 గంటలకు మించి ఏకబిగిన పని చేయించకుండా నడుమ కనీసం అరగంట విరామం, వారానికొక సెలవు అని రాసిపెట్టింది.

ఎద్దుకు ఒక లెక్క వుంది, మిల్లు కార్మికుడికి ఒక లెక్క వుంది. ఇప్పుడు మీ లెక్క మీరు తీయండి. నాట్లరోజులలోనో, కోతలరోజులలోనో మీరు నిన్న ఎన్ని గంటలు పని చేశారు? ఎన్ని గంటలకు లేచారు? ఎన్ని గంటలకు నడుము వాల్చారు? మధ్యలో ఎన్నిసార్లు కూచున్నారు? ఒంటిపూట లెక్క తేలగానే మీలో చాలామందికి ఎద్దు నయమనిపిస్తుంది.

పైగా కాలం మారింది. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఎడ్ల జతలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ట్రాక్టరుకు నీడ అక్కరలేదు. దీపాలు వేసుకుని రాత్రంతా దున్నుతుంది. బోరు మోటారు అలిసిపోయి పడుకోదు. చేతిలోని ఫోను ఏ వేళనైనా మోగుతుంది. యంత్రం వచ్చి మన కష్టం తగ్గించిన మాట నిజమే, కాదనడం లేదు. కాని ఎద్దుతో పాటు మనకు దొరికే ఆ కాస్త విరామాన్ని కూడా తీసుకుపోయింది. కాడి దించమని ఇదివరకు ఎద్దు చెప్పేది. ఇప్పుడు చెప్పేవారు లేరు. అంచేత ఆ వేళను మనమే నిర్ణయించుకోవలసి వుంది.

ఈ మాట అనగానే మీలో ఒకరు, “మీరు చెప్పేది బాగానే వుందండీ, పొలం పని ఆగుతుందా?” అంటారు. అదునులో పని ఆగకూడదు, ఒప్పుకుంటాను. నాలుగు చినుకులు పడ్డ తరవాత విత్తనం రేపు ఎల్లుండి అని వాయిదా వేస్తే పదును పోతుంది. కాని జాగ్రత్తగా చూస్తే, అదును రోజును పట్టి వుంటుంది గాని గంటను పట్టి వుండదు. ఈ రోజు వేయవలసిన విత్తనం ఈ రోజే వేయాలి. అది మధ్యాహ్నం ఒంటిగంటకే వేయాలని ఏమీ లేదు.

మరొకరు పైకి అనరు గాని మనసులో అనుకుంటారు: “పట్టపగలు పడుకుంటే నలుగురూ ఏమనుకుంటారు?” ఇదీ నిజమైన అడ్డమే. గట్టు మీద నడుము వాలిస్తే పక్క చేనులోంచి, “ఏం మావా, ఒంట్లో బాగాలేదా?” అని కేక వినబడుతుంది. బాగా లేకపోతే తప్ప పడుకోకూడదన్నట్టు! జబ్బుపడ్డ తరవాత మంచాన పడితే జాలిపడే ఊరు, జబ్బు రాకుండా పావుగంట కూచుంటే సోమరి అంటుంది. ఈ అలవాటు ఊరంతా కలిసి మార్చుకోవలసిందే గాని ఒక్కరివల్ల కాదు.

ఇక ఒళ్ళు ఎలా పని చేస్తుందో చూద్దాం. ఇది తెలిస్తే విశ్రాంతి ఎందుకో దానంతటదే తెలుస్తుంది. మనం పార ఎత్తినా, కొడవలి తిప్పినా కండరాలు శక్తిని ఖర్చు పెడతాయి. ఆ శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే పనిగా మారుతుంది. తక్కినదంతా వేడిగా మారి ఒంట్లోనే పుడుతుంది. అంటే గట్టి పని చేస్తున్న మనిషి ఒంట్లో ఒక పొయ్యి మండుతున్నదన్న మాట. ఆ పొయ్యిని చల్లార్చేది చెమట. చెమట ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. ఎండలో గట్టిగా పని చేసే మనిషికి గంటకు ఒక లీటరు దాకా, ఒక్కొక్కప్పుడు అంతకు మించీ చెమట పోతుంది. దానితో పాటు ఉప్పు కూడా పోతుంది.

కోస్తా రైతులు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది గాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అంచేత రెంటచింతలకంటే మా ఊళ్ళో ఎండ తక్కువే గదా అని సముద్రం పక్క రైతు నిబ్బరంగా వుండరాదు. ఉక్కపోతగా వున్నరోజు డిగ్రీలు తక్కువ చూపించినా ప్రమాదం తక్కువ కాదు.

ఒంట్లో పుట్టే వేడి, పైనుంచి పడే ఎండ, రెండూ కలిసి చెమట తీసుకుపోలేనంత అయినప్పుడు మొదట తల తిరుగుతుంది, తలనొప్పి వస్తుంది, పిక్కలు పట్టేస్తాయి, వాంతి వచ్చినట్టుంటుంది. ఒళ్ళు ఇచ్చే మొదటి కబురు ఇది. అప్పుడే పని ఆపి నీడకు చేరి నీళ్ళు తాగితే చాలావరకు సర్దుకుంటుంది. ఆ కబురు వినకుండా ఇంకో రెండు సాళ్ళు అని పని సాగిస్తే, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి వడదెబ్బ తగులుతుంది. మాట తడబడుతుంది, మనిషి తికమకపడతాడు, పడిపోతాడు. ఇది ప్రాణాంతకం. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడగాడ్పులకు చనిపోయారు. 2015 వేసవిలో కూడా ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా పోయారు. తెలంగాణలో వందల మంది పోయారు. వడగాడ్పు ఎవరినైనా కొడుతుంది గాని, ఎండలో పని తప్పనివారికీ ముసలివారికీ దాని దెబ్బ ఎక్కువ.

వడదెబ్బ తగిలిన మనిషిని చూస్తే వెంటనే 108కి ఫోను చెయ్యండి. బండి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూచోవద్దు. నీడకు చేర్చండి. బట్టలు వదులు చెయ్యండి. మోటారు దగ్గర వుంటే ఒళ్ళంతా నీళ్ళు పోసి తుండుతో విసరండి. మెడమీద, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం నీళ్ళు పోయకండి. అవి ఊపిరితిత్తులలోకి పోతాయి.

ఇంతవరకు ప్రాణభయం సంగతి చెప్పాను. ఇక పని సంగతి. విశ్రాంతి తీసుకుంటే పని తగ్గిపోతుందని మనకొక భయం వుంది. ఇది ఎంతవరకు నిజమో ఒకచోట కొలిచి చూశారు.

చెరకు నరికే పని ఎంత కష్టమో అనకాపల్లి రైతులకూ, చిత్తూరు రైతులకూ చెప్పనక్కరలేదు. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అని ఒక చిన్న దేశం వుంది. అక్కడి చెరకు తోటలలో పడుచు వయసు కూలీలకు మూత్రపిండాలు చెడిపోయే జబ్బు ఎక్కువగా వస్తున్నది. మండుటెండలో, చాలినన్ని నీళ్ళు లేకుండా, ఆగకుండా పని చేయడమే ఇందుకొక ముఖ్య కారణమని పరిశోధకులు అనుమానించారు. 2014-15 నరుకుడు కాలంలో కొందరు కూలీలకు మూడు ఏర్పాట్లు చేశారు. వీపున తగిలించుకునే నీళ్ళ సంచి ఇచ్చారు. పనితో పాటు ముందుకు జరిపే నీడ గుడారం వేశారు. పది పదిహేను నిమిషాల విరామాలు వేళ ప్రకారం ఇచ్చారు. నరికే కత్తిని కూడా మెరుగుపరచారు.

ఏమైందంటారు? ఎండవల్ల వచ్చే బాధలు తగ్గాయి. ఒక్కొక్క మనిషి రోజుకు నరికే చెరకు 5.1 టన్నుల నుంచి 7.3 టన్నులకు పెరిగింది. ఇందులో మంచి కత్తి పాలు కూడా వుంది గనక, పెరిగినదంతా విశ్రాంతివల్లనే అనడం సరికాదు. కాని కూచుంటే పని పోతుందన్న భయం మాత్రం అక్కడ నిజం కాలేదు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కూడా మూత్రపిండాల జబ్బు ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. దానికి ఫలానాదే కారణమని పరిశోధకులు తేల్చి చెప్పలేదు. కాని ఎండలో దాహం చంపుకుని పని చేయడం మూత్రపిండాలకు చెరుపు అన్న మాటలో సందేహం లేదు. అది ఉద్దానం రైతుకే కాదు, మనందరికీ వర్తిస్తుంది.

సరే, ఏం చెయ్యాలి? ముందు రోజును గురించి చెప్తాను.

వేసవి పనులు తెల్లవారుజామున మొదలుపెట్టి 11 గంటల లోపల ముగించండి. 12 గంటల నుంచి 3 గంటల దాకా కాడి దించిన వేళ అనుకోండి. ఎద్దుకు చట్టం ఇచ్చిన ఆ మూడు గంటలు మీకు మీరే ఇచ్చుకోండి. మిగిలిన పని పొద్దు వాలినాక చూసుకోవచ్చు. మందు కొట్టే పని మట్టుకు అసలు మధ్యాహ్నం పెట్టుకోవద్దు. ఒళ్ళంతా కప్పుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, వీపున డబ్బా మోస్తూ ఎండలో తిరగడం ఒంటికి రెండింతల చేటు. చల్లని వేళ కొట్టి, చేతులు, ముఖం సబ్బుతో కడుక్కున్న తరవాతనే తిండి ముట్టుకోండి.

దాహం వేసినప్పుడు తాగుదాంలే అని చూడకండి. దాహం ఆలస్యంగా వచ్చే చుట్టం. అది వచ్చేసరికే ఒంట్లో నీరు తగ్గి వుంటుంది. ఎండలో పని చేస్తున్నంతసేపూ ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు, అంటే సుమారు పావు లీటరు నీళ్ళు తాగాలి. గంటకు లీటరున్నరకు మించి తాగడమూ మంచిది కాదు. పలచని మజ్జిగలో కాస్త ఉప్పు, గంజి, రాగి అంబలి, ఇవన్నీ మన ఇళ్ళలో వున్నవే. చెమట బాగా పోయి నీరసం వచ్చినప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగవచ్చు. చెంచా తలకొట్టి కొలవాలి. రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు వున్నవారు ఉప్పూ పంచదారా, నీళ్ళూ ఎంత అన్నది డాక్టరును అడిగి తెలుసుకోవాలి. తాగిన నీళ్ళు చాలాయా లేదా అన్నది మూత్రమే చెబుతుంది. లేత రంగులో వుంటే చాలినట్టు. ముదురు పసుపు రంగులో వుంటే చాలనట్టు.

కొత్తగా ఎండలోకి దిగేవారి సంగతి వేరుగా చెప్పాలి. పట్నంలో చదువుకుని సెలవులకు వచ్చిన కుర్రవాడు, జ్వరం తగ్గి లేచినవాడు, నెలరోజులు ఊళ్ళో లేనివాడు మొదటి రోజే అందరితో సమానంగా దిగరాదు. ఒళ్ళు ఎండకు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు ఒక గంట, రెండు గంటలు చాలు. తరవాత రోజురోజుకూ కొంచెం పెంచుకోవచ్చు. కొత్త ఎద్దును కాడికి అలవాటు చేసేటప్పుడు మనం చూపించే ఓర్పు ఇదే గదా!

నాట్లలో, కలుపుతీతలో నడుము వంగే వుంటుంది. అరగంటకొకసారి లేచి నిలబడి, చేతులు నడుముకు ఆనించి కాస్త వెనక్కి వంగండి. ఇందుకు ఒక్క నిమిషం చాలు. సాయంత్రం నడుము పట్టి ఇంట్లో రెండు గంటలు మూలిగే బదులు, పగలు పది నిమిషాలు ఖర్చు పెట్టడం మేలు.

రాత్రి నిద్ర సంగతి మరీ ముఖ్యం. పెద్దవాళ్ళకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. కరెంటు రాత్రి ఏ వేళ వస్తుందో అని మోటారు దగ్గర కాపలా కాసిన రాత్రులు మన రైతులకు దశాబ్దాలపాటు అలవాటే. ఆ చీకటిలో తడికాళ్ళతో స్టార్టరు ముట్టుకుని, గట్టుమీద పామును తొక్కి పోయినవారు మన ఊళ్ళలో వున్నారు. కరెంటు పగలు ఇస్తున్నచోట నీళ్ళు పగలే కట్టుకోండి. రాత్రి తప్పనిచోట పక్క చేనువారితో వంతు వేసుకోండి. ఈ రాత్రి ఆయన, రేపు రాత్రి మీరు. నిద్ర చాలనిరోజు మధ్యాహ్నం ఇరవై ముప్ఫై నిమిషాల కునుకు మంచి మందు. ఎక్కువసేపు పడుకుంటే లేచినాక మత్తు వదలదు. నిద్రమత్తులో మాత్రం నూర్పిడి యంత్రం దగ్గరకు గాని, చొప్ప కోసే యంత్రం దగ్గరకు గాని పోవద్దు. ట్రాక్టరు ఎక్కవద్దు. ఒక్క రెప్పపాటు చాలు, చెయ్యి పోవడానికి.

ఇప్పుడు మగవాళ్ళు కాస్త శ్రద్ధగా వినాలి. ఇంతసేపూ చెప్పిన విశ్రాంతి ఇంట్లో ఎవరికి దొరుకుతున్నది? పొలంనుంచి ఇద్దరూ కలిసే వస్తారు. ఆయన కాళ్ళు కడుక్కుని మంచం మీద కూచుంటాడు. ఆమె పొయ్యి అంటిస్తుంది. 2019లో దేశమంతటా ఒక ప్రభుత్వ సర్వే చేసి, ఎవరి కాలం ఎలా గడుస్తున్నదో లెక్క తీశారు. ఇంటిపని చేసే ఆడవారు అందుకు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు అప్పుడు తేలింది. ఇంటిపని చేసే మగవారు 97 నిమిషాలు. అంటే ఆమెకు పొలం పని గాక దాదాపు ఐదు గంటల పని ఇంకా వుంది. మగవారిలో ఇంటిపని ముట్టుకునేవారే నలుగురిలో ఒకరు.

అంచేత ఇంట్లో ఆడమనిషికి విశ్రాంతి ఇవ్వడమంటే “కాసేపు కూచోవే” అనడం కాదు. ఆమె చేతిలోని పని ఒకటి తీసుకోవడం. నీళ్ళు తేవడం, పశువులకు కుడితి పెట్టడం, పాలు పిండడం, పిల్లలకు అన్నం పెట్టడం, ఇందులో ఏ రెండు పనులు మగవాళ్ళు పట్టుకున్నా ఆమెకు గంట దొరుకుతుంది. అక్కలారా, మీకూ ఒక మాట. అందరూ తిన్న తరవాత మిగిలింది తినే అలవాటు మానండి. పొలంలో చాటు లేదని పగలంతా నీళ్ళు తాగకుండా వుండేవారు మీలో ఎందరో వున్నారు. దానివల్ల ఒంటికి చాలా కీడు. చేను మూల నాలుగు కర్రలు పాతి చుట్టూ తడిక కట్టించడం ఆసాములకు పెద్ద ఖర్చు కాదు.

ఆసాముల మాట వచ్చింది గనక కూలివారి సంగతి కూడా చెప్పుకోవాలి. గుత్తకు పని పట్టినవారు తొందరగా ముగించాలని తలెత్తకుండా చేస్తారు. వారిని ఆపి నీళ్ళు తాగమని చెప్పవలసిన బాధ్యత పని చేయించుకునేవారిది. చెట్టు లేనిచోట నాలుగు గుంజలమీద తాటాకు గాని, టార్పాలిన్ పట్టా గాని వేసి, దాని కింద రెండు కుండల నీళ్ళు పెట్టించండి. ఎద్దుకు నీళ్ళు పెట్టకుండా దున్నించిన రైతు మన ఊళ్ళలో ఎన్నడూ లేడు. కూలికి వచ్చిన మనిషికి పెట్టకుండా వుంటామా?

ఒంటి పోషణ అంటే విశ్రాంతి ఒక్కటే కాదు. సాయంత్రం కాళ్ళు కడిగి వేళ్ళ సందులు తుడుచుకోవాలి. పగుళ్ళకు నూనె రాయాలి. గాయం వుంటే కట్టు కట్టుకోకుండా మడిలోకి దిగరాదు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళనుంచి గాయం ద్వారా జ్వరం అంటుకుంటుంది. మట్టిలో దెబ్బ తగిలితే ధనుర్వాతం సూది సంగతి ఆస్పత్రిలో అడగండి. 30 ఏళ్ళు దాటినవారు ఏడాదికొకసారి అయినా రక్తపోటు, మధుమేహం చూపించుకోవాలి. ప్రభుత్వ ఉపకేంద్రాలలో ఈ పరీక్షలు చేస్తారు. మోటారు పాడైతే అదే రోజు మెకానిక్కును పిలుస్తాం. మన నడుము నొప్పికి మాత్రం కోతలు అయిపోనీ అంటాం.

ఇక కంటికి కనబడని అలుపు ఒకటుంది. వాన రాకపోతే దిగులు, వస్తే దిగులు, ధర పడిపోతే దిగులు, అప్పు తీరలేదని దిగులు. పక్కమీద వాలినా నిద్ర పట్టదు. అన్నం సయించదు. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. ఇలా రెండు వారాలు సాగితే అది ఒట్టి దిగులు కాకపోవచ్చు. వైద్యం వున్న జబ్బు కావచ్చు. సిగ్గుపడకుండా ఇంట్లోవారితో చెప్పండి, స్నేహితుడితో చెప్పండి, డాక్టరుతో చెప్పండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ‘టెలీ మానస్’ అని ఒక ఫోను సేవ మొదలుపెట్టింది. దాని నంబరు 14416. పగలైనా రాత్రయినా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ పక్కింటి రైతు నాలుగు రోజులుగా రచ్చబండ దగ్గరకు రాకపోతే, మీరే వెళ్ళి ఆయన అరుగుమీద కూచోండి. అప్పు ఎలా తీరాలన్నది తరవాత ఆలోచించవచ్చు. బతికుంటే బలుసాకు తినవచ్చునని పెద్దలు ఊరికే అనలేదు.

రోజు సంగతి అయింది. వారం సంగతి, ఏడాది సంగతి మిగిలినై. వారంలో ఒక పూట, సంతరోజైనా సరే, ఇంకో రోజైనా సరే, చేనుకు పోకుండా వుండే పూటగా పెట్టుకోండి. పాడి వున్నవారికి ఇది కష్టమే; గేదె సెలవు ఇవ్వదు. అలాంటివారు రెండిళ్ళవారు కలిసి బదులు పెట్టుకోవచ్చు. ఈ ఆదివారం సాయంత్రం మీ గేదెల పని మేము చూస్తాం, వచ్చే ఆదివారం మా గేదెల పని మీరు చూడండి అనుకుంటే, నెలకు రెండు పూటలైనా పెళ్ళాం బిడ్డలతో కూచుని తినడానికి దొరుకుతుంది. నాట్లలో బదులు పని మనకు తెలియనిది కాదు. విశ్రాంతిలో కూడా దాన్ని వాడుకోవచ్చునంటున్నాను.

పంట ఇంటికి చేరిన తరవాత కొన్నాళ్ళు పని తగ్గుతుంది. ఆ రోజులలో ఒంటికి చేయించుకోవలసిన వైద్యం చేయించుకోండి. కంటి శుక్లాలు, పంటినొప్పి, పాత నడుము నొప్పి, వాయిదా వేసినవన్నీ అప్పుడు తీర్చుకోవాలి. అత్తవారి ఊరికో, ఆడబిడ్డ ఊరికో పోయి రెండు రోజులు వుండి రండి. ఏరువాక నాటికి నాగలి కర్రు సరిచేయించినట్టే, రైతు కూడా సరై వుండవలెను.

విస్తరణ కార్యకర్తలకు చివరగా రెండు విన్నపాలు. మీరు ఊళ్ళో సభ పెట్టేటప్పుడు ఎండవేళ పెట్టకండి. పొద్దున్నే గాని, దీపాలవేళ గాని పెట్టండి. పంటల పట్టిక రాసేటప్పుడు విత్తే తేదీ, తడి తేదీ రాసిన గోడమీదనే నీళ్ళు తాగే వేళ, నీడకు చేరే వేళ కూడా రాయించండి. ప్రదర్శన క్షేత్రంలో కొత్త వంగడం చూపించే రోజున, ఒక మూల నీడ పందిరి, నీళ్ళ కుండ కూడా చూపించండి. విన్నదానికంటె చూసింది రైతుకు గుర్తుంటుంది. మీరు కూడా ఎండలో ఊరూరా తిరిగేవారే గనక, ఇందాక చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది. నీళ్ళసీసా లేకుండా బండి ఎక్కకండి.

రైతు సోదరులారా, సోదరీమణులారా! ఇదంతా ఒక్క రోజులో జరిగేది కాదు. రేపటికి ఒక్క పని చెయ్యండి. చేనుకు పోయేటప్పుడు పారతో పాటు నీళ్ళ కుండ తీసుకుపోండి. పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు పని ఎంత మిగిలినా సరే, పార గట్టుమీద పెట్టి చెట్టు కిందికి రండి. పక్క చేనువారిని కూడా కేకవేసి పిలవండి. “ఏం మావా, ఒంట్లో బాగాలేదా?” అని ఆయన అడిగితే, “బాగానే వుందిరా, బాగా వుండాలనే కూచున్నాను, నువ్వూ రా” అనండి.

సెలవు.